విజిల్‌పై ఆగ్రహం: కళాశాల బాస్కెట్‌బాల్‌లో రిఫరీ నిర్ణయాలు ఎందుకు వివాదమవుతాయి?

ఖరగ్‌పూర్: కళాశాల బాస్కెట్‌బాల్ పోటీ ముగిసిన తరువాత ఓడిన జట్టు అభిమానుల నోట తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: ‘మనల్ని ఓడించింది వాళ్లు కాదు, రిఫరీ.’ ఈ మాటలో నిజం కొంత, అపోహ కొంత. రిఫరీలు పొరబడతారన్నది నిజం. అయితే ఏ పొరపాటును సరిదిద్దవచ్చో, దేనిని నిబంధనలే ఆటలో భాగంగా అంగీకరించాయో చాలామంది ప్రేక్షకులకు తెలియదు. ఈ తేడా తెలియనప్పుడు న్యాయమైన ఫిర్యాదు కూడా కేకలలో కలిసిపోతుంది.

ఈ చర్చకు ఖరగ్‌పూర్ తగిన వేదిక. బెంగాల్ నాగపూర్ రైల్వేతో ఎదిగిన ఈ పట్టణానికి ఉపాధి కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు ఆమోదం తెలిపినప్పుడు ప్రధానంగా ప్రస్తావనకు వచ్చింది ఈ పట్టణమే. ఇక్కడి క్రీడా జీవితానికి రెండు మూలస్తంభాలున్నాయి. ఒకటి రైల్వే, ఆగ్నేయ రైల్వే క్రీడా సంఘానికి చెందిన సెర్సా స్టేడియం ఈ పట్టణంలోనే ఉంది. రెండవది 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో ప్రారంభమైన దేశపు తొలి ఐఐటీ. ఆ ప్రాంగణంలో వసతి గృహాల మధ్య జరిగే జనరల్ ఛాంపియన్‌షిప్‌లోనూ, ఐఐటీల మధ్య ఏటా జరిగే క్రీడోత్సవంలోనూ బాస్కెట్‌బాల్ ఒక ముఖ్యమైన అంశం. అటువంటి పోటీలలో ప్రేక్షకులు, ఆటగాళ్లు ఒకే భోజనశాలలో తిని, ఒకే తరగతిలో కూర్చునేవారు. అందుకే అక్కడ గెలుపు సంబరమూ, ఓటమి బాధా రెట్టింపవుతాయి.

రిఫరీ ముందున్న పని

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించినప్పుడు రాసిన 13 నిబంధనలలోనే తీర్పు చెప్పేవారి బాధ్యతలు వేరువేరుగా ఉన్నాయి. ఆటగాళ్ల ప్రవర్తనను, ఫౌళ్లను గమనించడం అంపైరు పని. బంతి ఎవరిది, బాస్కెట్ అయిందా లేదా, సమయం ఎంత అన్నవి రిఫరీ చూడాలి. ఒకే మనిషి అన్నింటినీ చూడలేడన్న గ్రహింపు ఆట పుట్టుకలోనే ఉందన్నమాట.

నేడు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల ప్రకారం ఒక క్రూ చీఫ్, ఒకరు లేదా ఇద్దరు అంపైర్లు ఆటను నడుపుతారు. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. అందులో పదిమంది ఆటగాళ్లు నిరంతరం కదులుతూ ఉంటారు. ముగ్గురికి బదులు ఇద్దరే ఉంటే ఒక్కొక్కరు చూడవలసిన ప్రాంతం పెరుగుతుంది. బంతికి దూరంగా జరిగే తోపులాట కంటికి అందకుండా పోయే అవకాశమూ పెరుగుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఇద్దరితో సరిపెట్టే నిర్వాహకులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

ప్రేక్షకులు ఎక్కువగా పొరబడే నిబంధనలు

మొదటిది: ప్రతి స్పర్శా ఫౌలు కాదు. పదిమంది వేగంగా కదిలే చోట ఒకరికొకరు తగలడం అనివార్యం. ఆ తాకిడి వల్ల ప్రత్యర్థికి అన్యాయంగా నష్టం కలిగిందా అన్నది రిఫరీ చూస్తాడు. నష్టం లేని స్వల్ప స్పర్శను వదిలివేయవచ్చు. గ్యాలరీలో కూర్చున్నవారికి చేయి తగలడం కనిపిస్తుంది కానీ, దాని ఫలితం అంత స్పష్టంగా కనిపించదు.

రెండవది: బ్లాకింగ్, ఛార్జింగ్‌ల మధ్య తేడా. బంతితో దూసుకువచ్చే ఆటగాడు డిఫెండరును ఢీకొన్నప్పుడు తప్పు ఎవరిదన్న దానిపైనే అత్యధిక వివాదాలు తలెత్తుతాయి. డిఫెండరు కదలకుండా నిలబడి ఉండాలన్నది విస్తృతంగా ఉన్న అపోహ. ప్రత్యర్థికి ఎదురుగా, రెండు పాదాలూ నేలపై ఆనించి ఒకసారి న్యాయమైన స్థానం సంపాదించిన తరువాత డిఫెండరు పక్కకు, వెనుకకు కదలవచ్చు. తన పరిధిలో నిలువుగా పైకి ఎగరనూ వచ్చు. అయితే ప్రత్యర్థి గాలిలోకి లేచిన తరువాత అతని దారిలోకి వెళ్లకూడదు. అంటే ముందు ఎవరు ఆ స్థానానికి చేరారు, ఎదుటివాడి పాదాలు అప్పటికే నేలను వదిలాయా అన్నవి రెప్పపాటులో తేల్చుకోవాలి.

మూడవది: ట్రావెలింగ్. 2017 అక్టోబరు 1 నుంచి ఫిబా నిబంధన మారింది. పరుగులో ఉండగా బంతిని అందుకున్న ఆటగాడి అడుగులను లెక్కించే పద్ధతి సడలడంతో, పాత లెక్కన తప్పుగా కనిపించే కదలిక నేడు సక్రమం కావచ్చు. పాత నిబంధనలతో ఆట నేర్చుకున్నవారు గ్యాలరీ నుంచి ‘మూడడుగులు’ అని అరవడానికి ఇది ఒక కారణం.

రిఫరీ చేతి సంజ్ఞలు తెలిసినా సగం గందరగోళం తగ్గుతుంది. పిడికిలి బిగించి చేయి పైకెత్తితే అది ఫౌలు. అరచేయి తెరిచి పైకెత్తితే అది ట్రావెలింగ్ వంటి నిబంధనల ఉల్లంఘన.

ఒకే ఆట, రెండు చూపులు

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న సామెతకు శాస్త్రీయ ఆధారం కూడా ఉంది. 1951 నవంబరు 23న అమెరికాలో ప్రిన్‌స్టన్, డార్ట్‌మత్ విద్యాసంస్థల మధ్య జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆట దెబ్బలతో, గాయాలతో ముగిసింది. ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హ్యాడ్లీ కాంట్రిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ ఆట చిత్రాన్నే రెండు సంస్థల విద్యార్థులకూ చూపి, కనిపించిన తప్పులను నమోదు చేయమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు ఆ సంస్థ విద్యార్థులకు ఎన్ని కనిపించాయో, అంతకు రెట్టింపు కంటే ఎక్కువ ప్రిన్‌స్టన్ విద్యార్థులకు కనిపించాయి. 1954లో ప్రచురితమైన ఈ అధ్యయనం ఆ రంగంలో ప్రామాణికంగా నిలిచింది. అభిమానులు అబద్ధమాడడం లేదు. వారికి నిజంగానే వేరే ఆట కనిపిస్తోంది.

అనుమానంలో నిజమెంత?

అంతమాత్రాన అభిమానుల అనుమానాలన్నీ భ్రమలని కొట్టివేయలేము. బ్రిటన్ పరిశోధకుడు అలన్ నెవిల్, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో 40 మంది ఫుట్‌బాల్ రిఫరీలకు ఒకే ఆటలోని ఘట్టాలను చూపారు. కొందరు ప్రేక్షకుల కేకలతో సహా చూశారు, మిగిలినవారు నిశ్శబ్దంగా చూశారు. కేకలు విన్నవారు సొంత మైదానపు జట్టుపై ప్రకటించిన ఫౌళ్లు 15.5 శాతం తక్కువ.

కళాశాల బాస్కెట్‌బాల్‌పైనే మరో పరిశోధన జరిగింది. కైల్ ఆండర్సన్, డేవిడ్ పియర్స్ అమెరికాలో 2004-05 సీజనుకు చెందిన 365 ఆటలను పరిశీలించి 2009లో ఫలితాలు వెల్లడించారు. అప్పటివరకు తక్కువ ఫౌళ్లు పడిన జట్టుపైనే తరువాతి ఫౌలు పడే అవకాశం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. రెండు జట్ల ఫౌళ్ల మధ్య అంతరం పెరిగేకొద్దీ ఆ మొగ్గు కూడా పెరిగింది. ఆధిక్యంలో ఉన్న జట్టుకు, బయటి నుంచి వచ్చిన జట్టుకు వ్యతిరేకంగానూ మొగ్గు కనిపించింది.

ఈ ఫలితాలు చెబుతున్నది రిఫరీలు అమ్ముడుపోయారని కాదు. పక్షపాతంగా కనిపించకూడదన్న తాపత్రయమే వారిని తెలియకుండా ‘సరిచేసే’ వైపు నెడుతోందని వీటిని అర్థం చేసుకోవచ్చు. ఇందులో అభిమానులకూ ఒక పాఠం ఉంది. ‘మనకు ఎనిమిది, వాళ్లకు మూడేనా?’ అన్న ప్రశ్న దానంతట అది పక్షపాతానికి రుజువు కాదు. రెండు జట్లకు ఫౌళ్లు సమానంగా పడాలని ఏ నిబంధనా చెప్పదు. దూకుడుగా అడ్డుకునే జట్టుకు ఎక్కువ పడటం సహజం. అంకెలు సమం కావాలని ఒత్తిడి చేయడం వల్ల కొత్త తప్పులే పుడతాయి.

ఫిర్యాదుకు 15 నిమిషాలు

నిబంధనలు నిరసనకు దారి చూపాయి, అయితే ఆ దారి ఇరుకైనది. ఆట సాగుతుండగా బంతి నిర్జీవమై, గడియారం ఆగినప్పుడు మాత్రమే కెప్టెన్ మర్యాదపూర్వకంగా రిఫరీని వివరణ అడగవచ్చు. స్కోరు నమోదులో జరిగిన పొరపాటును క్రూ చీఫ్ స్కోరు షీటుపై సంతకం చేసేలోపు సరిదిద్దవచ్చు. సరిదిద్దలేదని భావిస్తే, ఆట ముగిసిన 15 నిమిషాలలోపు కెప్టెన్ ఆ విషయాన్ని క్రూ చీఫ్‌కు తెలిపి, స్కోరు షీటులో నిరసనకు కేటాయించిన చోట సంతకం చేయాలి.

నిరసనకు అంగీకరించే కారణాలు పరిమితం: స్కోరు, ఆట సమయం, షాట్ క్లాక్ నిర్వహణలో సరిదిద్దని పొరపాటు, ఆటను రద్దు చేయడం, వాయిదా వేయడం వంటి నిర్ణయాలు, ఆటగాళ్ల అర్హత నిబంధనల ఉల్లంఘన. ‘అది ఫౌలు కాదు’ అన్న వాదనకు ఈ జాబితాలో చోటు లేదు. రిఫరీ కంటికి కనిపించినదే ఆటలో వాస్తవం. లేకపోతే ఏ పోటీ ఫలితమూ ఖరారు కాదు.

సమయానికి సంబంధించిన వివాదం ఎంత దూరం వెళ్లగలదో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్ చూపింది. మూడు సెకన్లు మిగిలి ఉండగా అమెరికా 50-49తో ముందంజ వేసింది. గందరగోళం మధ్య ఆ చివరి మూడు సెకన్లను మళ్లీ మళ్లీ ఆడించారు. చివరికి అలెగ్జాండర్ బెలోవ్ వేసిన బాస్కెట్‌తో సోవియట్ యూనియన్ 51-50తో గెలిచింది. అమెరికా నిరసనను అప్పీలు మండలి 3-2 ఓట్లతో తోసిపుచ్చింది. ఆ జట్టు ఆటగాళ్లు రజత పతకాలను స్వీకరించలేదు. నిరసన మార్గం ఉన్నంత మాత్రాన మనసుకు శాంతి దొరకదనడానికి ఇది సాక్ష్యం.

కెమెరా ఉన్నచోట, లేనిచోట

నేడు పెద్ద పోటీలలో వీడియో పరిశీలన ఈ బాధను కొంత తగ్గించింది. ఆ సదుపాయం ఉన్న ఆటలలో ప్రధాన శిక్షకుడు ఒకసారి నిర్ణయాన్ని సవాలు చేసేందుకు ఫిబా అవకాశమిచ్చింది. అమెరికా పురుషుల కళాశాల బాస్కెట్‌బాల్‌లో 2025-26 సీజను నుంచి శిక్షకుల సవాలు అమలులోకి వచ్చింది. అక్కడ కూడా బంతి హద్దు దాటినప్పుడు చివరిగా తాకినదెవరు వంటి కొన్ని అంశాలకే దీనిని పరిమితం చేశారు. మామూలు ఫౌలు తీర్పులు చాలావరకు రిఫరీ విచక్షణకే మిగిలాయి.

మన దేశంలోని సాధారణ కళాశాల పోటీలలో అటువంటి కెమెరాలు ఉండవు. అనేక చోట్ల వ్యాయామ ఉపాధ్యాయులో, సీనియర్ విద్యార్థులో విజిల్ పట్టుకుంటారు. అలాంటప్పుడు నమ్మకాన్ని కాపాడేది యంత్రం కాదు, పద్ధతి. పోటీలో ఉన్న వసతి గృహానికి లేదా కళాశాలకు చెందినవారిని ఆ ఆటకు రిఫరీగా నియమించకపోవడం మొదటి జాగ్రత్త. స్కోరు, సమయం నమోదు చేసే బల్ల వద్ద శిక్షణ పొందినవారిని కూర్చోబెట్టడం రెండవది. నిరసనకు అర్హమైన పొరపాట్లు ఎక్కువగా పుట్టేది అక్కడే. ఏ నిబంధనల ప్రతిని పాటిస్తున్నారో ముందే ఇరు జట్లకు తెలపడం, కీలకమైన ఆటలకు ముగ్గురు రిఫరీలను ఏర్పాటు చేయడం, ఆట ముగిశాక కెప్టెన్లకు నిర్ణయాలు వివరించే సంప్రదాయం నెలకొల్పడం మిగిలినవి. వీటిలో దేనికీ భారీ ఖర్చు అవసరం లేదు.

అభిమానుల ఆగ్రహం ఫలించవలసింది ఈ దిశలోనే. ‘ఆ ఫౌలు తప్పు’ అన్న వాదన ఆ రాత్రితో ముగుస్తుంది. ‘వచ్చే ఏడాది తటస్థ రిఫరీలను నియమించండి’ అన్న కోరికను నిర్వాహకులు తోసిపుచ్చలేరు.

విజిల్ పట్టేవారు కరవైతే

దూషణకు మూల్యం ఉంటుంది. అమెరికాలో 2018-19 సీజను తరువాత దాదాపు 50,000 మంది హైస్కూలు క్రీడా రిఫరీలు ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారని అక్కడి పాఠశాల క్రీడల జాతీయ సమాఖ్య పేర్కొంది. శిక్షకుల, తల్లిదండ్రుల, ప్రేక్షకుల దురుసు ప్రవర్తనను ప్రధాన కారణాలలో ఒకటిగా చూపింది. అనుభవజ్ఞులు వెళ్లిపోతే వారి స్థానంలోకి కొత్తవారు వస్తారు. కొత్తవారు ఎక్కువ తప్పులు చేస్తారు, మరిన్ని తిట్లు పడతారు. చివరికి నష్టపోయేది ఆటే.

కళాశాల స్థాయిలో విజిల్ పట్టే యువకుడు కూడా ఒక విద్యార్థే కావచ్చు. ఆటగాడు తప్పుడు షాట్ వేస్తే ‘మళ్లీ ప్రయత్నించు’ అని ప్రోత్సహించే గ్యాలరీ, ఆ నేర్చుకునే హక్కును రిఫరీకి కూడా ఇవ్వాలి. అదే సమయంలో, తటస్థతను, శిక్షణను, వివరణను కోరే హక్కును ప్రేక్షకులు వదులుకోనక్కరలేదు. ఈ రెండూ కలిసి నడిచిన మైదానాలలోనే ఓడిన జట్టు కూడా ఫలితాన్ని అంగీకరిస్తుంది.