పెద్దపేగు క్యాన్సర్: పేగు సూక్ష్మజీవులు, నెల్లూరు తీరపు ఆహార పంటలు

మానవుని పెద్దపేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. చిన్నపేగులో జీర్ణం కాని ఆహారాన్ని ఇవి పులియబెట్టి పలు జీవక్రియా పదార్థాలను తయారుచేస్తాయి. పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్లతో వీటికి గల సంబంధం ఇటీవలి పరిశోధనల్లో వెల్లడవుతోంది. ఈ సూక్ష్మజీవులకు అందే ఆహారం చాలావరకు పొలంలోను, రైస్ మిల్లులోను నిర్ణయమవుతుంది. కనుక వరి అన్నమే ప్రధానాహారమైన నెల్లూరు తీరంలో ఇది విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవలసిన విషయం.

మేలు చేసేవి, కీడు చేసేవి

ఫీకాలిబ్యాక్టీరియం, రోజ్‌బూరియా వంటి బ్యాక్టీరియా పీచు పదార్థం నుండి బ్యూటిరేట్‌ను ఉత్పత్తి చేస్తాయి. పెద్దపేగు లోపలిపొర కణాలకు ఇదే ముఖ్య ఇంధనం. పీచు తగ్గి కొవ్వు, మాంసం పెరిగినప్పుడు ద్వితీయ పైత్యరస ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ అధికమై ఆ పొరకు హాని కలిగిస్తాయి. సాధారణంగా నోటిలో ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్ క్యాన్సర్ కణితుల్లో అధికంగా ఉన్నట్లు 2012లో రెండు పరిశోధక బృందాలు గుర్తించాయి. కొన్ని ఇ.కోలై రకాలు విడుదల చేసే కోలిబాక్టిన్ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది.

ఆహారం మారితే

2015లో ప్రచురితమైన అధ్యయనంలో 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లు, 20 మంది దక్షిణాఫ్రికా గ్రామీణులు రెండు వారాలపాటు ఒకరి ఆహారాన్ని మరొకరు తీసుకున్నారు. పీచు ఎక్కువగా, కొవ్వు తక్కువగా తిన్న అమెరికన్లలో బ్యూటిరేట్ పెరిగింది, ద్వితీయ పైత్యరస ఆమ్లాలు తగ్గాయి. దక్షిణాఫ్రికా వారిలో ఇందుకు విరుద్ధంగా జరిగింది.

తీరప్రాంత పంటలు

నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449) వంటి సన్నరకాలను బాగా పాలిష్ పట్టినప్పుడు తవుడుతోపాటు పీచు చాలావరకు పోతుంది. తక్కువ పాలిష్ బియ్యం, రాగులు, వరి తరువాత అనువైన చోట వేసే పెసర, మినుము ఈ లోటును కొంత తీరుస్తాయి. అమైలోజ్ అధికంగా గల బియ్యంలోను, వండి చల్లార్చిన చద్దన్నంలోను జీర్ణం కాని పిండిపదార్థం ఎక్కువగా ఉంటుంది.

విస్తరణలో జాగ్రత్త

ఈ సమాచారాన్ని చికిత్సగా ప్రచారం చేయరాదు. వంశపారంపర్యంగా ముప్పు గల 900 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో జీర్ణం కాని పిండిపదార్థం పెద్దపేగు క్యాన్సర్‌ను తగ్గించలేదని 2022లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. కణితిలో ఒక బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన అదే వ్యాధికి కారణమని చెప్పలేము. రైతు సదస్సులలో పీచు గల పంటలను ఆరోగ్యకరమైన ఆహారంగా సిఫారసు చేయవచ్చు. అయితే మలంలో రక్తం కనిపించినా, మలవిసర్జన తీరు వారాల తరబడి మారినా మొలలుగా భావించి ఉపేక్షించక, వెంటనే వైద్యుని సంప్రదించాలని కూడా అక్కడే చెప్పాలి. ఈ వ్యాధిని తొలిదశలో గుర్తిస్తే నయం చేయగల అవకాశం అధికం.