ఎవరి గడువు ముందు?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఈ రెంటిలో మొదటిదానికి యీ రోజుల్లో చాలామందికి బ్యాంకు గడప తొక్కక తప్పడంలేదు. ఆ గడపకు లోపలివైపు, ఇంటి అప్పుల బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవాణ్ణి నేను. “మీ ఉద్యోగం గూర్చి నాలుగు ముక్కలు రాయండి సార్” అని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. వడ్డీ లెక్కలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఇరవైమంది పనులు ఒకే బల్లమీద పడినప్పుడు దేన్ని ముందు అందుకోవాలన్నది మాత్రం పుస్తకంలో దొరకదు. దాన్ని గూర్చే యీ వ్యాసం.

తనఖా అంటే తీసుకున్న అప్పుకు హామీగా స్థిరాస్తిలో హక్కును రాసివ్వడం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షను దీన్ని వివరిస్తుంది. ఇంటి అప్పుల్లో ఎక్కువగా జరిగేది ఆ సెక్షనులోనే వున్న ఒక పద్ధతి: ఇంటి అసలు దస్తావేజులు అప్పిచ్చినవారి దగ్గర డిపాజిట్ చేయడం. చూడటానికి ఇది చిన్న పనే. కాని 20 లక్షలు 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 18 వేల కిస్తీ. చివరికి కట్టేది 43 లక్షల పైమాటే. ఒక కుటుంబం తన సగం జీవితాన్ని ఆ ఫైలులో పెడుతోందన్న మాట!

ఇక కాలం సంగతి. ఒక్క ఫైలు అయిదారు చేతులు మారాలి. జీతం కాగితాలు మేము చూస్తాం. లింకు దస్తావేజులు, ఈ.సి. చూసి లీగల్ ఒపీనియన్ ఇచ్చేది వకీలు. ఇంటి విలువ కట్టేది ఇంజనీరు. మంజూరు చేసేది పై అధికారి. చివరికి అందరూ చేరేది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో. దీనికి తోడు మన ఆచారం. ఆషాఢంలోను, మూఢంలోను కదలని జనం శ్రావణం రాగానే ఒక్కసారి వచ్చి పడతారు. అందరికీ ముహూర్తం ఆ వారమే!

అటువంటప్పుడు వచ్చిన వరుసలో చేద్దామంటే కుదరదు. గట్టిగా అడిగినవాడికి ముందు చేద్దామంటే అది న్యాయం కాదు. అనుభవం మీద నేను పెట్టుకున్న పద్ధతులు నాలుగు.

మొదటిది: పొద్దున్నే ఫైళ్ళు కాదు, తేదీలు చూడాలి. ప్రతి ఫైలు అట్టమీద ఎర్ర సిరాతో ఒకే తేదీ రాస్తాను. అది ఆ ఫైలు మాకు వచ్చిన తేదీ కాదు, క్రయ అగ్రిమెంటు గడువు ముగిసే తేదీ. ఆ గడువు దాటితే బయానా పోతుందని చాలా అగ్రిమెంట్లలో రాసుకుంటారు. ఒక శ్రావణంలో ఒకేరోజు రెండు పనులు వచ్చాయి. ఒక బిల్డరు పంపిన పెద్ద మొత్తాల ఫైళ్ళ కట్ట. దానికోసం మధ్యాహ్నంలోగా మూడు ఫోన్లు. రెండోది ఒక బస్సు కండక్టరుగారి ఫైలు. పాత ఇల్లు, లక్షన్నర బయానా, గడువు 19 రోజులు. ఆయన ఫోను చేయలేదు, చేయడానికి మొహమాటం. బిల్డరు ఫైళ్ళకు నెలాఖరు దాకా గడువుంది. అందుకని కండక్టరుగారి ఫైలే ముందు విప్పాను. అమ్మేవారి తండ్రి పేర వున్న ఇల్లది. ఆయన పోయారు, వేరే ఊళ్ళో వున్న కూతురి సంతకం కూడా కావాలి. “ఈ రాత్రికే ఆమెకు కబురు చేయించండి” అన్నాను. పదిహేడో రోజున రిజిస్ట్రేషన్ అయింది. ఆ సంగతి పదిహేడో రోజున బయటపడి వుంటే ఆ లక్షన్నర ఏమయ్యేదో ఊహించుకోండి.

రెండవది: ఇతరుల చేతిలోకి వెళ్ళాల్సిన పనిని ముందు పంపేయాలి. వకీలుకు, ఇంజనీరుకు వెళ్ళాల్సిన కాగితాలు పదిగంటలకే కదిలితే, వాళ్ళు పనిచేసే వేళలో నేను జీతం లెక్కలు చూసుకోవచ్చు. పాత ఈ.సి.ల సంగతి మరీ ముఖ్యం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 1983 నుంచి జరిగినవి కంప్యూటరులో చూడవచ్చు. అంతకు ముందువాటికి ఆఫీసు రికార్డులు వెతికించుకోవాలి. అలాగే కావలసిన కాగితాలన్నీ ఒకే చీటీలో రాసి ఇవ్వాలి. రోజుకొకటి అడిగితే పాపం, కూలిపని మానుకుని తిరిగేవాడికి ప్రతి తిరుగుడూ ఒక రోజు కూలి నష్టమే.

మూడవది: తొందరపడకూడని గంట ఒకటుండాలి. దస్తావేజులు చదివేటప్పుడు నేను ఫోను పక్కన పెడతాను. ఈ.సి.లో రిజిస్టరయిన లావాదేవీలే కనబడతాయి. ఒకే ఇంటిమీద రెండుచోట్ల అప్పు తీసే మోసాలను అరికట్టడానికే 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది. దాన్ని వెతకడానికి పట్టే పది నిమిషాలు మిగుల్చుకుంటే, తరువాత కోర్టులో పదేళ్ళు ఖర్చు కావచ్చు.

నాలుగవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: అరవని పనికి రోజూ కొంత వేళ కేటాయించాలి. కిస్తీ మొదటిసారి తప్పినవాడు బ్యాంకుకు రాడు, సిగ్గుపడతాడు. బకాయి 90 రోజులు దాటితే ఆ ఖాతా మొండి బాకీల్లో చేరుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, తరువాత ఇల్లు స్వాధీనం. మొదటి నెలలోనే “ఏమండీ, ఇంట్లో అంతా కులాసానా?” అని ఒక్క ఫోను చేస్తే, ఉద్యోగం పోయిందో, ఆస్పత్రి ఖర్చు వచ్చిందో తెలుస్తుంది, అప్పటికి దారి వుంటుంది. మూడో నెలాఖరున చేసే పది ఫోన్లు దానికి సరితూగవు. అలాగే అప్పంతా తీర్చినవారి దస్తావేజులు. కొత్త అప్పు తెస్తే మెచ్చుకుంటారు గాని, పాత కాగితాలు తిరిగిచ్చినందుకు ఎవరు మెచ్చుకుంటారు? అందుకే అవి బీరువాల్లో పడివుండేవి. 30 రోజుల్లో తిరిగివ్వాలని, తమ ఆలస్యానికి రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023లో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడు డిసెంబరు 1 నుంచి అమలైంది. ఉత్తర్వు వచ్చాకనే ఆ పని చాలాచోట్ల ‘అర్జెంటు’ అయింది! కాని ఇరవై ఏళ్ళు కిస్తీలు కట్టిన పెద్దాయన ఆ కాగితాలను కళ్ళకద్దుకోవడం చూసినవాడికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు.

టార్గెట్లు లేవా అంటారా? ఉన్నాయి, నెలనెలా ఉన్నాయి. కాని టార్గెట్ తప్పితే నాకు పడేది నాలుగు మాటలు. గడువు తప్పితే ఎదుటివాడికి పోయేది ఇల్లు. ఈ రెంటినీ ఒకే త్రాసులో వేయకూడదు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు బ్యాంకుల్లోను, కొందరు కచేరీల్లోను, ఆస్పత్రుల్లోను కూర్చుంటారు. కాలాన్ని పొదుపు చేయమని మీకు చాలామంది చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే: మీ బల్లమీద వున్న కాలంలో ఎక్కువ భాగం మీది కాదు, అవతల బెంచీమీద కూర్చున్నవాడిది. అది తెలిస్తే ఏ ఫైలు ముందు విప్పాలో ఎవరూ చెప్పనక్కరలేదు.