మూతికి మాస్కు.. ముక్కు మీద పుండు
పెట్టుకుంటే ఉక్క, తీస్తే దుమ్ము
సరిహద్దు మిల్లుల్లో, రాళ్ల యూనిట్లలో కార్మికుల అవస్థ

షిఫ్టు దిగి వచ్చే మనిషి మొహం చూస్తే చాలు, ఏ పనికి వెళ్లొచ్చాడో తెలిసిపోతుంది. ముక్కు దూలం మీద ఎర్రటి గీత. రెండు చెంపల మీదా అచ్చు గుద్దినట్లు వాతలు. చెవుల వెనక ఒరుసుకుపోయిన చర్మం. గడ్డం కింద చిన్న చిన్న కురుపులు. ఎనిమిది గంటలపాటు మాస్కు బిగించుకున్న మొహం అది.

కొవిడ్ పోయింది, మాస్కులూ పోయాయని ఊళ్లో వాళ్లు అనుకుంటారు. పనిలో ఉన్నవాళ్లకు మాత్రం పోలేదు. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న తెలుగువాళ్లు గంగావతి, కారటగి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతాల్లో వేల కుటుంబాలున్నారు. ఆ పొలాల వడ్లన్నీ వెళ్లేది రైసు మిల్లులకే. అక్కడ ఊక ధూళి, తవుడు ధూళి. ఇంకాస్త పైకి వెళ్తే ఇల్కల్, కుష్టగి వైపు గులాబీ రంగు గ్రానైట్. ఇటు తమిళనాడులో కృష్ణగిరి, హొసూరు చుట్టుపక్కల రాళ్లు కోసి పాలిష్ పట్టే యూనిట్లు. దుమ్మును కన్నడంలో ధూళు అంటారు, తమిళంలో తూసి అంటారు. మాస్కును మాత్రం అందరూ మాస్కే అంటారు. దాని బాధా అందరికీ ఒకటే.

ఒరుపు, ఉక్క, దురద

ముందుగా దెబ్బ తినేది చర్మం. ముక్కు దూలం దగ్గర ఎముక మీద కండ ఉండదు. మాస్కు పైన ఉండే లోహపు పట్టీ గంటల తరబడి అక్కడే నొక్కుతుంటే రక్తం ఆడదు. మొదట ఎర్రబడుతుంది, తర్వాత తోలు లేస్తుంది, పట్టించుకోకపోతే పుండవుతుంది. మంచాన పడ్డవాళ్లకు వీపున లేచే పుండ్ల లాంటివే ఇవీ. 2020, 2021లో కొవిడ్ వార్డుల్లో డ్యూటీ చేసిన నర్సుల మొహాలు అందరం ఫొటోల్లో చూశాం. ఆ మచ్చలు అలా పడ్డవే.

లోపల ఊపిరి తేమ, చెమట కలిసి ఉడికినట్లవుతుంది. రంధ్రాలు మూసుకుపోయి మొటిమలు వస్తాయి. గడ్డం గీసుకున్న వెంటనే పెట్టుకుంటే మంట ఎక్కువ. సింగపూర్‌లో 2003లో సార్స్ వచ్చినప్పుడు పనిచేసిన వైద్య సిబ్బంది 307 మందిని వైద్యులు విచారించారు. ఎన్95 వల్ల చర్మ బాధలు వచ్చాయని చెప్పినవాళ్లలో దాదాపు 60 శాతం మందికి మొటిమలు, సగం మందికి దురద, మూడో వంతుకు పైగా మందికి దద్దుర్లు వచ్చినట్లు తేలింది. వాళ్లు పనిచేసింది ఆస్పత్రిలో. మే నెల బళ్లారి ఎండలో రేకుల షెడ్డు కింద పనిచేసేవాళ్ల సంగతి వేరే చెప్పాలా!

తలనొప్పి మరో బాధ. తల చుట్టూ బిగిసిన రబ్బరు నరాలను నొక్కుతుంది. దానికి ఉక్క, దాహం తోడవుతాయి. సింగపూర్‌లోనే 2020లో మాస్కు, కళ్లద్దాలు వాడుతున్న 158 మంది సిబ్బందిని అడిగితే 128 మంది కొత్తగా తలనొప్పి మొదలైందన్నారు.

నీళ్లు తాగకపోవడం గురించి ఎవరూ పైకి మాట్లాడరు. మాస్కు తీయాలంటే షెడ్డు దాటి బయటికి రావాలి, చేతులు కడుక్కోవాలి. అంత తీరిక ఎక్కడిది? అందుకే పూటంతా గుటక నీళ్లు లేకుండా గడిపేస్తారు. ఆడవాళ్లకైతే మరుగుదొడ్డి సరిగా లేని చోట తాగడానికే భయం. నోరు ఎండిపోవడం, గొంతు మంట, మూత్రంలో మంట.. అన్నీ వరసగా వస్తాయి. మిషన్ల రొదలో మాస్కు లోంచి అరిచి మాట్లాడటంతో గొంతు బొంగురుపోతుంది. మాస్కు పైభాగం వదులుగా ఉంటే ఊపిరి కళ్లలోకి కొట్టి కళ్లు పొడిబారతాయి. అద్దాలున్నవాళ్లకు మసక కమ్ముతుంది. కట్టింగ్ మిషన్ దగ్గర ఆ ఒక్క క్షణం మసక చాలు, వేలు తెగడానికి.

ఊపిరి ఆగుతుందా?

మాస్కు పెడితే ఆక్సిజన్ అందదని చాలామంది నమ్మకం. ఇందులో నిజం కొంతే. వదిలిన గాలిలో కొంత మాస్కు లోపలే మిగిలి, మళ్లీ పీల్చే ఊపిరిలో కలుస్తుంది. గుడ్డ పొరలోంచి గాలి లాగడానికి ఛాతీ కాస్త ఎక్కువ కష్టపడాలి. అమెరికాలో 2010లో పదిమంది ఆస్పత్రి సిబ్బందికి ఎన్95 పెట్టి గంటసేపు ట్రెడ్‌మిల్ మీద నెమ్మదిగా నడిపించి చూశారు. మాస్కు లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది గానీ గుండె వేగంలో, రక్తంలోని ఆక్సిజన్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ప్రాణాపాయం లేదన్నమాట.

అలాగని నెమ్మదిగా నడవడం, బస్తా మోయడం ఒకటి కావు. బస్తా మోస్తూ ఆయాసపడే హమాలీకి అదే మాస్కు రెండింతలు బరువనిపిస్తుంది. చెమటకు తడిసి ముద్దయితే గాలి ఇంకా ఆడదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే ఇలాంటి పనికి దిగాలి.

కిందికి జారితే అసలు ముప్పు

ఇన్ని బాధలు పడలేక చాలామంది మాస్కును గడ్డం కిందికి లాగేస్తారు. అసలు ముప్పు అక్కడే ఉంది. గులాబీ, రంగు గ్రానైట్‌లలో క్వార్ట్జ్ ఎక్కువ. నల్ల రాయిలో చాలా తక్కువ. కోత పెట్టినప్పుడు లేచే సిలికా ధూళిలో కంటికి కనబడనంత సన్నటి రేణువులే ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. అక్కడ మచ్చలు కడతాయి. అదే సిలికోసిస్. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. పని మానేశాక కూడా జబ్బు ముదురుతూనే ఉండొచ్చు. ఊక, పత్తి దుమ్ము చేసే చెరుపు వేరే రకం గానీ దగ్గు, ఆయాసం వాటితోనూ తప్పవు.

తువ్వాలు కట్టుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. దాని నేతలోంచి ఆ రేణువులు దూరిపోతాయి. ఎన్95 అయితే 0.3 మైక్రాన్ల సైజు రేణువులను కనీసం 95 శాతం ఆపుతుంది. అదీ మొహానికి సందు లేకుండా అతుక్కుంటేనే. గుబురు గడ్డం ఉంటే అతుక్కోదు. దాన్ని ఉతికినా, స్పిరిట్ చల్లినా దుమ్మును పట్టే విద్యుదావేశం పోతుంది. చూడటానికి మాత్రం కొత్తదానిలానే ఉంటుంది.

వాల్వు ఉన్న మాస్కు విషయంలో ఇప్పటికీ గందరగోళం ఉంది. 2020 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ వాల్వు మాస్కులు వద్దంది. వదిలిన ఊపిరి వడపోత లేకుండా బయటికి వస్తుందని, దాంతో పక్కవాళ్లకు రోగం అంటుకుంటుందని అప్పటి కారణం. దుమ్ము పనికి ఆ బెడద లేదు. పైగా వేడి ఊపిరి వాల్వులోంచి పోతుంది కాబట్టి ఉక్క తగ్గుతుంది. చెవులకు తగిలించేవాటికన్నా తల వెనక రెండు పట్టీలు ఉన్నవి మేలు. చెవులు ఒరుసుకోవు, పట్టూ బాగుంటుంది.

పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పావుగంట దుమ్ము లేని చోటికి వచ్చి మాస్కు తీయాలని పుండ్ల నివారణ నిపుణులు సూచిస్తున్నారు. నీళ్లూ అప్పుడే తాగేయొచ్చు. పని మొదలుపెట్టడానికి అరగంట ముందు మొహం కడిగి పలచగా క్రీము రాసుకోవచ్చు. దట్టంగా పూస్తే మాస్కు జారిపోతుంది. ముక్కు దగ్గర దూది, గుడ్డ పీలికలు పెట్టుకుంటే అంచు లేచి దుమ్ము లోపలికి వస్తుంది. తోలు లేచిన చోట మళ్లీ అదే మాస్కు బిగించకూడదు. ఆకారం వేరేగా ఉన్నది మార్చి చూడాలి.

నిజానికి మాస్కు ఆఖరి అడ్డు మాత్రమే. రాయి మీద నీళ్లు పడుతూ కోస్తే దుమ్ము చాలా వరకు లేవదు. మిల్లులో దుమ్ము లాగే ఫ్యాన్లు, గొట్టాలు సరిగా నడిస్తే మాస్కు మీద అంత భారం పడదు. అది యజమానులు చేయాల్సిన పని. కార్మికుడికి మాస్కొకటి ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బుల్లో చేర్చారు. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్‌లోనూ అది ఉంది.

దగ్గు రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించుకోవాలి. వెళ్లినప్పుడు రాళ్ల పనో, మిల్లు పనో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో ముందుగా చెప్పాలి. ఎక్స్‌రేలో సిలికోసిస్ మచ్చలు టీబీలా కనబడొచ్చు. సిలికా పీల్చినవాళ్లకు టీబీ వచ్చే అవకాశమూ ఎక్కువే. పనేమిటో చెప్పకపోతే టీబీ మందులు మాత్రమే రాసి పంపేస్తారు. ఆ మనిషి కోర్సు ముగించుకుని మళ్లీ అదే కట్టింగ్ మిషన్ దగ్గరికి వెళ్లి నిలబడతాడు.