కన్సోల్ చూపించేది ఎప్పటి బటన్?

ఒకే కొనుగోలుకి రెండు ఆర్డర్లు పడుతున్నాయని ఫిర్యాదు. పేజీలో బటన్ కోడ్ నాది, సర్వర్ కోడ్ హైదరాబాదులో ఉన్న మిత్రుడిది. రిక్వెస్టు పంపే లైనుకి సరిగ్గా ముందు బటన్‌ని కన్సోల్.లాగ్ చేసి క్రోమ్‌లో చూశాను. బటన్ మీద ‘డిసేబుల్డ్’ అని స్పష్టంగా ఉంది. అంటే రిక్వెస్టు వెళ్ళకముందే బటన్ మూతపడింది, రెండో క్లిక్కుకి చోటే లేదు. తప్పు సర్వర్‌దేనని నలుగురికీ కాపీ పెట్టి మరీ మెయిలు కొట్టాను.

గంటలో జవాబు వచ్చింది: “అన్నా, బటన్‌ని కాదు, దాని ఔటర్‌హెచ్‌టిఎమ్‌ఎల్‌ని లాగ్ చేసి చూడు.”

చూశాను. డిసేబుల్డ్ లేదు! సర్వర్ జవాబిచ్చాక గానీ నా కోడ్ బటన్‌ని మూయడం లేదు. ఆ సందులో ఇంకోసారి నొక్కినవాళ్ళకి రెండు ఆర్డర్లు.

ఎలిమెంట్‌ని లాగ్ చేస్తే కన్సోల్‌కి అందేది ఫొటో కాదు, చిరునామా. మనం వెళ్ళి చూసే వేళకి ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్ళే కనిపిస్తారు. కోడ్ తర్వాతెప్పుడో మార్చిన క్లాసు, అట్రిబ్యూటు క్రోమ్‌లో పాత లాగ్ లైనులోనే మారిపోతాయి. మామూలు ఆబ్జెక్టులదీ దాదాపు ఇదే కథ. బాణం నొక్కి మొదటిసారి విప్పినప్పుడున్న విలువలే లోపల కనిపిస్తాయి. క్రోమ్ ఆ సంగతి చెప్పడానికి పక్కనే చిన్న ‘ఐ’ గుర్తు కూడా పెడుతుంది. నేనైతే ఏళ్ళ తరబడి దాని వంక చూడలేదు.

ఔటర్‌హెచ్‌టిఎమ్‌ఎల్ ఉత్త స్ట్రింగు, కాబట్టి ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. ఆబ్జెక్టులకైతే స్ట్రక్చర్డ్‌క్లోన్‌తో నకలు తీసి లాగ్ చేయొచ్చు.

టెక్స్ట్ బాక్సుతో మరో తిరకాసు ఉంది. దాన్ని లాగ్ చేస్తే హెచ్‌టిఎమ్‌ఎల్ రూపం వస్తుంది. అందులోని వాల్యూ అట్రిబ్యూటు పేజీతో పాటు వచ్చినది. వాడినవాళ్ళు 1 చెరిపి 5 అని కొట్టినా అక్కడ 1 అనే ఉంటుంది. టైపు చేసినది కావాలంటే వాల్యూ ప్రాపర్టీని విడిగా లాగ్ చేయాలి. అన్ని ప్రాపర్టీలూ కావాలంటే కన్సోల్.డిర్ వాడాలి, కానీ అది కూడా విప్పినప్పటి విలువలే చూపిస్తుంది.

ఇప్పుడు ఇలాంటి చోట ‘డీబగ్గర్’ అని ఒక లైను రాసి, డెవలపర్ టూల్స్ తెరిచి, కోడ్‌నే ఆపేస్తాను. అప్పుడు బటన్ ఎలా ఉందో తీరిగ్గా చూడొచ్చు. నకలు ఆర్డర్లని సర్వర్ కూడా పట్టుకోవాలనుకోండి, అది వేరే చర్చ. బటన్‌ని మూసే లైనుని రిక్వెస్టుకి ముందుకి జరిపి, తప్పు నాదేనని అదే నలుగురికీ మళ్ళీ మెయిలు పెట్టాను.