శివరాత్రికి నడిచి వెళ్దామా?

శివరాత్రి సంచికకు ముఖచిత్ర కథనం కావాలంటూ ఎడిటర్ గారు నా ముందు పెట్టినవి జపాన్ కాగితాలు. అక్కడి కీ ద్వీపకల్పపు అడవికొండల్లో కుమానో అనే పాత యాత్రాబాట ఉంది. తకిజిరి నుంచి హోంగూ గుడి దాకా 40 కిలోమీటర్లకు కాస్త తక్కువ. రెండు రోజుల నడక. 2004లో యునెస్కో జాబితాకెక్కింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు అలాంటి నడకకు ఎలా సిద్ధం కావాలో రాయమన్నారు. గడువు దగ్గరే ఉంది.

చదువుతున్నంతసేపూ నా మనసు శ్రీశైలం మల్లన్న దగ్గరే ఉంది. ఇంచుమించు అంతే దూరం, అంతే అడవి, అంతకు తగ్గని పాతదనం ఉన్న బాట మనకూ ఉంది కదా! ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి. శివరాత్రికీ ఉగాదికీ ఆ దారిన వేలమంది నడుస్తారు. ఉగాదికైతే కన్నడ భక్తులే ఎక్కువ. మన మైదానం వాళ్లం మాత్రం వినుకొండ, దోర్నాల మీదుగా బస్సులో వెళ్లి, దర్శనం చేసుకుని, మర్నాటికి కల్లంలో ఉంటాం. అది తప్పని నేననను. కానీ ఒక్కసారైనా నడిచి చూడాలని గట్టిగా అనుకుంటున్నాను.

ఈ నడకకు నాకు దొరికిన అన్నిటికన్నా మంచి దారిపుస్తకం ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న సుమారు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెళ్లేటప్పుడు అహోబిలం చూసుకుని, ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారినే శ్రీశైలం ఎక్కారు. దారిలో రాసుకున్న సంగతులు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు పంపుతూ వచ్చారు. ఆ పిళ్లగారే 1838లో అచ్చు వేయించారు. దిగవల్లి వేంకటశివరావు గారి పరిష్కరణ 1941లో వచ్చింది.

భక్తుడే అయినా ఆయన కళ్లు దారి మీదే ఉంటాయి. ఒక మజిలీకీ ఇంకో మజిలీకీ ఎంత దూరం, నేల ఇసకా రాయా, నీళ్లు బావివా చెరువువా, ఊళ్లో దుకాణాలున్నాయా, తలదాచుకునే చోటుందా అన్నీ చెబుతారు. యాత్రికుల దగ్గర కర్నూలు నవాబు మనుషులు పన్ను ఎలా వసూలు చేసేవారో కూడా దాచలేదు. వెనక వచ్చేవాడు ఇబ్బంది పడకూడదన్న తపన ప్రతి మజిలీలోనూ కనిపిస్తుంది. ఆ తపన కోసమే ఆ పుస్తకమంటే నాకు ప్రాణం. కుమానోలో ప్రతి 500 మీటర్లకూ అంకె వేసిన గుర్తు నాటారు. ఎవరైనా తప్పిపోయినా, కాలు బెణికినా ఎక్కడున్నారో చెప్పగలరు. మన బాటలో అలాంటి గుర్తులు మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. దేవస్థానం, అటవీశాఖ కలిసి తలుచుకుంటే పెద్ద ఖర్చు కాదు.

చరిత్ర క్లుప్తంగా. శివరాత్రికి శ్రీశైలం నడిచిన జనాన్ని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో వర్ణించాడు. 14వ శతాబ్దంలో అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. కొండవీటి అనవేమారెడ్డి 1377లో ఆలయంలో వీరశిరోమండపం నిర్మించాడు. అంటే ఆ కొండకు దారి వేసినవాళ్లలో మన మైదానం ప్రభువులూ ఉన్నారు.

ఇక అసలు చిక్కు, రోజులు కుదరడం. శివరాత్రి నాటికి మన దగ్గర మిర్చి కోతలు జోరు మీదుంటాయి. కల్లంలో కాయ ఆరబోసి రెండు మూడు రోజులు వదిలి వెళ్లడం ఏ రైతుకూ తేలిక కాదు. గుంటూరు యార్డుకు వేసవి సెలవులిచ్చే మే నెలలో తీరిక దొరుకుతుంది గానీ అప్పుడు అడవి దారిన పంపరు. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, పండగలకే బాట తెరుస్తారు. అందుకే నా సలహా: ఇంట్లో ఇద్దరుంటే ఒకరు శివరాత్రికి, ఒకరు ఉగాదికి. పత్తి మాత్రమే వేసినవాళ్లకు ఈ బాధ లేదు, ఏరుడు అప్పటికే ముగిసిపోతుంది.

మొదటి రోజు తెల్లవారకముందే వెంకటాపురంలో అడుగు వేసి, పొద్దు గూకేలోపు పెద్దచెరువు చేరాలి. అక్కడ చెంచుగూడెం ఉంది. మల్లన్న చెంచులకు అల్లుడు. మనం వాళ్ల అల్లుడింటికి వెళ్తున్నాం, ఆ మర్యాదతో మసలుకోవాలి. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ నిటారుగా ఎక్కాలి. మోకాళ్లకు అక్కడే పరీక్ష. మధ్యాహ్నపు ఎండలో దానికి పూనుకోవద్దు.

సంచిలో, దారిలో

గుంటూరు నుంచి నంద్యాల దాకా రైలు, అక్కణ్నుంచి ఆత్మకూరుకు బస్సు. వాడిన చెప్పులే వేసుకోండి, కొత్తవి కరుస్తాయి. స్టీలు సీసాలో నీళ్లు, అటుకులు, బెల్లం, వేరుశనగలు, టార్చి, దుప్పటి. ప్లాస్టిక్ వద్దు, అడవిలో నిప్పు రాజేయొద్దు, గుంపు విడవొద్దు. కుమానోలో చిన్న చిన్న గుళ్ల దగ్గర పుస్తకంలో ముద్ర వేసుకుంటారు. ఇక్కడ మీరొచ్చినట్టు సాక్షి గణపతి రాసుకుంటాడని నమ్మకం, ఆయన్ని దర్శించుకోండి.

తిరుగు ప్రయాణానికి దోర్నాల దారి. మామూలు రోజుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిన వాహనాలను వదలరు, కాబట్టి మధ్యాహ్నమే బస్సెక్కండి. శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకంలో దిగి, కొండమీద త్రిపురాంతకేశ్వరుణ్ని, కింద చెరువులోని బాలా త్రిపురసుందరిని చూసుకుని వినుకొండ బస్సు పట్టుకోవచ్చు.