పాటులో నడక, పోటులో పడవ

కోరంగి వెళ్తున్నామని ఎవరైనా అంటే పడవ ఎన్నింటికని అడగను, పాటు ఎన్నింటికని అడుగుతాను. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు తీస్తుంది. ఆ వేళలు ఏ రోజుకా రోజు ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుంటాయి. పోటు మీద వెళ్తే కనబడేది ఆకులూ నీళ్లే. నీరు తీశాక గానీ మడ అడవి అడుగు బయటపడదు.

కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుంటే ఎంతోసేపు పట్టదు. కోరంగి, గాడేరు అనే గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట 235 చదరపు కిలోమీటర్ల అడవి ఇది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

లోపల చెక్కల బాట ఉంది. అందరూ దాని మీద ఫొటోలు దిగుతూ చకచకా సాగిపోతారు. బడిలో సైన్సు చెప్పిన అలవాటు కొద్దీ నేను అడుగడుక్కీ ఆగిపోతాను. తెల్లమడ చెట్టు చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు బురదలోంచి పైకి పొడుచుకొచ్చినవి వేళ్లే. ఆ బురదలోకి గాలి చొరబడదు. అందుకే వేళ్లు పైకొచ్చి ఊపిరి పీలుస్తాయి. ఆకు మీద వేలు రాసి నాలుక్కి తాకిస్తే ఉప్పగా ఉంటుంది. పీల్చిన ఉప్పును చెట్టు ఆకుల్లోంచి బయటికి తోసేస్తుందన్నమాట. అలాగని కనబడ్డ ప్రతి ఆకూ ముట్టుకోవద్దు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఉప్పుపొన్నది ఇంకో తమాషా. దాని గింజ కొమ్మకుండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, ఆ తర్వాతే రాలుతుంది. నీళ్లలో గింజను చల్లితే ఎక్కడికి కొట్టుకుపోతుందో ఏమో, ఈ తల్లి పిల్లను పెంచి మరీ వదులుతుంది!

కింద ఒంటిచెయ్యి పీతలు, రెక్కలతో బురద మీద గెంతే చేపలు. అదృష్టం బాగుంటే బావురుపిల్లి అడుగుల ముద్రలు. పిల్లిని చూడాలని మాత్రం ఆశపడొద్దు. అది రాత్రిపూట చేపల వేటకు దిగే రకం.

పడవకు తొందరపడితే మా సరంగు ఊరుకోడు. "నీరెక్కనియ్యండి మాస్టారూ, ఇప్పుడెళ్తే సన్న కాలవలో దిగడిపోద్దండి" అంటాడు. పోటెక్కాక ఉప్పుటేళ్లలోకి పోతే గట్టు వార నీటికుక్కల గుంపు ఒక్కోసారి కనబడుతుంది.

ఒకప్పుడు ఇక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. మనవాళ్లు రంగూన్‌కు ఓడెక్కిందీ ఈ తీరం నుంచే. 1789, 1839 తుపానులు కోరంగి రేవును ఊడ్చేశాయి. ఆపైన గోదారి ఒండ్రు పూడ్చేసింది. ఓడలకు దారి మూసిన ఆ ఒండ్రు మీదే మడ వేళ్లూనుకుంది. నన్నడిగితే కోరంగి చరిత్రంతా ఆ బురదలోనే ఉంది.

అదే గోదారి ఇసుకను అలలు పేర్చగా పెరిగిన పొడవాటి దిబ్బ హోప్ ఐలాండ్. బంగాళాఖాతం అలల్ని తన మీద వేసుకుని కాకినాడ రేవును కాస్తుంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి ఆ ఇసుకలో గుడ్లు పెడతాయి. చీకటి పడేదాకా ఉందామని పడవవాళ్లను బతిమాలకండి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు రాత్రిపూట వెలుతురున్న వైపే సముద్రమనుకుని పాకుతాయి. ఒక్క టార్చిలైటు చాలు, అవి దారి తప్పి మెట్టకు పోవడానికి.