ఇసుక మీద నిలిచిన ఆనకట్ట

ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన ఆనకట్ట గోదావరిని బంధించిందని చాలామంది అంటారు. బంధించలేదు. వరదొస్తే నీరంతా గోడ మీదుగా దూకి సముద్రానికే పోయేది. అంత పొట్టి గోడతో లక్షల ఎకరాలు ఎలా తడిశాయో తెలియాలంటే నేల వాలు చూడాలి. పొంగిన ఏరు గట్టు దాటగానే వేగం తగ్గి, మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే దింపేస్తుంది. వందల ఏళ్లు ఇలా జరిగి ఏటి ఒడ్డు మెరకగా, దూరపు పొలం పల్లంగా తయారవుతాయి. కాబట్టి డెల్టా మొదట్లో నీటిమట్టాన్ని కొన్ని అడుగులు లేపి కాలువలోకి మళ్లిస్తే చాలు, ఆపైన ఏతం తొక్కే పని లేకుండా వాలే నీటిని పొలాలకు చేరుస్తుంది.

అసలు చిక్కు ఇసుకతో. లంకలతో కలిపి ఆరు కిలోమీటర్ల వెడల్పున్న ఆ చోట పునాదికి రాయి తగలదు. లంకలను కలుపుకుంటూ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా గోడ కట్టారు. గోడ మీంచి దూకిన నీరు దిగువ ఇసుకను తవ్వుకుపోతే ఆ గోతిలోకి గోడే కూలుతుంది. అందుకని ఇసుకలో బావులు దించి వాటిమీద కట్టుబడి లేపారు. దిగువన ధవళేశ్వరం కొండ రాయిని బండలు బండలుగా కుమ్మరించారు. అడుగున ఇసుక జారితే బండలు వాటంతటవే ఆ గోతిలోకి దిగి దాన్ని పూడుస్తాయి, పైన మళ్లీ రాయి పోసేవారు. 1852లో పూర్తయిందనడం ఒక రకంగా మాటవరసకే.

ఈ ఉపాయం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర బుర్రలోనే పుట్టిందా? లేదు. కావేరి మీది చోళుల కల్లణై ఆనకట్ట ఆయనకు బడి. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం ఆ పాతకాలపు వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాశాడు. ధవళేశ్వరంలో వీణం వీరన్న పర్యవేక్షణ, వేలమంది కూలీల చెమట ఉన్నాయి. అయినా 1833 కరువు, 1839 ఉప్పెన తర్వాత చితికిపోయిన జిల్లాకు నీళ్లివ్వమని కుంఫిణీని ఒప్పించిన ఘనత కాటన్‌దే. కుంఫిణీ ఒప్పుకున్నది శిస్తు మీద ఆశతో కదా అంటారా? నిజమే, కానీ వాళ్ల లెక్క ఏదైనా పొలం తడిసింది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది: నీరు నిల్వ చేయని ఆనకట్ట ఏరు సన్నబడితే ఏం చేస్తుంది? ఏమీ చేయలేదు. సార్వాకు (ఖరీఫ్ పంటకు) వరద నీరు సరిపోతుంది. దాళ్వా (రబీ పంట) వచ్చేసరికి నీటికి వంతులు మొదలై, శివారు రైతు సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటికోసం ఎదురుచూస్తాడు. ఇది గోడలో లోపం కాదు, దాని హద్దు. అసలు లోపం మరోచోట ఉంది. నీటిని పల్లానికి తెచ్చిన వాలే సముద్రం దగ్గరయ్యేకొద్దీ చచ్చుబడుతుంది, మురుగు కదలదు, పెద్ద వానకు కోనసీమ చేలు మునుగుతాయి. 1970లో మొదలై 1982లో పూర్తయిన బ్యారేజి 175 గేట్లతో పాత గోడ పనిని అందుకుంది. దాని కింద సుమారు పది లక్షల ఎకరాలున్నాయి. కానీ మురుగు చిక్కు అలాగే ఉంది, కాబట్టి ఇప్పుడు డెల్టాలో డబ్బు ఖర్చుపెట్టాల్సి వస్తే మొదట మురుగు కాలువల పూడిక తీయాలి.